బిడ్డ పెట్టెల ఏం పెట్టాలె

మక్తల్
ఆదివారం రాత్రి

దోస్తూ,

నిన్న ఫోన్ల నువ్వు "మా బిడ్డకు గూడ నల్లగొండల్నే సీటొచ్చింది, హాస్టలుకు ఏమేం పంపాల్నో జెర చెప్పురా" అని అడిగితె సగమే చెప్పిన. ఒక రైతు కాలిన మోటరు నా రిపేరు షాపుకు తెచ్చి ముంగట నిలవడ్డడు, నాట్లు ఆగినయని ఆయన బాధ ఆయనది. రాత్రి పండుకుంటె నిద్ర వట్టలే, చెప్పనివి చానా ఉన్నయనిపించింది. అందుకే కూసోని రాస్తున్న. ఫోటో తీసి పంపుత, చెల్లెకు గూడ చదివి వినిపియ్యి.

మా బిడ్డను నల్లగొండల దింపొచ్చి ఇరువై దినాలాయె. మా ఇంట్ల నుంచి హాస్టల్ల ఉండి ఇంజినీరింగ్ చదివే మొదటి ఆడపిల్ల. ఇగ ఇల్లంత సర్దుడే సర్దుడు. మా అమ్మ ఒకటి పెడితె బిడ్డ ఒకటి తీస్తది, బిడ్డ తీసింది మళ్ల నా భార్య పెడతది. ఆఖరుకు రెండు పెట్టెలు, మూడు సంచులు, ఒక పరుపు తయారైనయి. బకెట్, మగ్గు, చీపురు, బట్టలారేసే తాడు గూడ ఇంటి నుంచే మోస్కపోయినం. మహబూబ్‌నగర్ల బస్సు మారెటప్పుడు చూడాలె మా అవస్థ. బకెట్ కిందవడి చెవి ఇరిగింది. తీర నల్లగొండల దిగి చూస్తె క్లాక్ టవర్ దిక్కు, ప్రకాశం బజార్ల ఇవన్నీ ఇంటింటికి సరిపోయేటంత ఉన్నయి. హాస్టల్ల మంచం, పరుపు, బీరువల ఒక అర ఇచ్చిండ్రు. మేం మోసిన పరుపు మళ్ల నాతోటే వాపసొచ్చింది. నువ్వు ముందుగాల వార్డెన్‌కు ఫోన్ చేసి ఏమిస్తరో అడుగు. బజార్ల దొరికేది బజార్ల కొందం, మన ఇంట్ల తప్ప ఇంకెక్కడ దొరకనిదే మోస్కపోదం.

ఇంకోటి. ఏడాదికి సరిపడ పంపాలనుకోకు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు గదా, ఆధార్ కార్డు చూపిస్తె చాలు. బతుకమ్మకు ఎట్లయిన ఇంటికొస్తది. చలి బట్టలు అప్పుడిద్దువు. ఆ ఆధార్ మాత్రం ఒరిజినల్ కార్డే బిడ్డ పర్సుల ఉండనియ్యి.

ఇగ కాయితాల సంగతి. దీని మీదనే నేను ఎక్కువ తిరిగిన. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, అన్నీ ఒక జిప్పు ఫైల్ల పెట్టు. ఒరిజినల్స్ కాలేజీల తీసుకుంటె రసీదు అడిగి ఆ ఫైల్లనే పెట్టు. జిరాక్సులు పది సెట్లు తీపియ్యి, ఫోటోలు ఇరువై కడిగిపియ్యి. అన్నిటికన్న ముందు ఇయ్యాల్నే కూసోని పదో తరగతి మెమోల పేరు, ఆధార్ల పేరు పక్కపక్కన పెట్టి అచ్చరం అచ్చరం చూడు. మా బిడ్డకు ఇంటిపేరుల ఒక్క అచ్చరం తేడ ఉండె. స్కాలర్‌షిప్ దరఖాస్తు అక్కడ్నే ఆగిపాయె. ఇక్కడి సెంటర్ల సరిచేసినమన్నరు, రెండుసార్లు గట్లనే తప్పొచ్చింది. షాపు మూసుకొని నాలుగు దినాలు తిరిగిన. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదనే మనలాంటోళ్ల సదువు నిలవడ్డది. పెట్టెల బట్టలు తక్కువైతె ఏంకాదు, ఈ ఫైలు తక్కువ కావద్దు.

కరెంటు ముచ్చట నా పని కాబట్టి జెర పొడుగు చెప్త, ఇను. రూంల నలుగురు పిల్లలు, గోడకు రెండే ప్లగ్గులు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్పకుండ కావాలె. కాని బస్టాండ్ల దొరికే తేలికది కొనకు. బిడ్డ తెచ్చుకున్న బోర్డు స్క్రూలు నేను మా షాపుల విప్పి చూసిన. లోపల తీగ దారమంత సన్నగుంది, ఇత్తడి ఉండాల్సిన కాడ రేకు ముక్క. ప్లగ్గు పెట్టి కదిలిస్తె ఊగుతుంది. ఊగేకాడ నిప్పురవ్వ వస్తది, నిప్పురవ్వ వచ్చేకాడ వేడెక్కుతది, ఆడ్నే ప్లాస్టిక్ కరుగుతది. నేను ఇరువై ఏండ్ల నుంచి కాలిన మోటర్లు విప్పుతున్న, కాలిన వార్నిష్ వాసన నా చేతుల నుంచి పోదు. గా వాసన పిల్లలు పండుకునే రూంల రావద్దని నా తండ్లాట. చేతిల పట్టుకుంటె బరువు తెలవాలె, ఐఎస్‌ఐ గుర్తుండాలె, మూడు పిన్నుల ప్లగ్గుండాలె, లోపల రాగి తీగుండాలె. ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ నాలుగు కలిపిన దానికి బరువు కాదు. నీళ్లు కాగబెట్టే కెటిల్ వేరు. 1500 వాట్లదయితె ఆరు ఆంపియర్లు దాటుతది, మామూలు ప్లగ్గు తట్టుకునేదే ఆరు. హాస్టలోళ్లు హీటరు, కెటిల్ వద్దంటె ఊకనే అనరు. బిడ్డకు ఈ లెక్క చెప్పు. వద్దని ఊకె అంటె పిల్లలు దాచి పెట్టుకుంటరు, లెక్క చెప్తె ఇంటరు.

నీళ్ల గురించి చెల్లె భయపడుతుందన్నవు గదా. మా ఇంట్ల గూడ గదే గొడవ. నల్లగొండ అంటె ఫ్లోరైడ్, బొక్కలు వంకరపోతయని మా అమ్మ ఏడుపు. ఆ భయం ఉత్తది కాదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లు తాగి ఎంతమంది నడుములు వంగిపోయినయో మనం పేపర్లల్ల చూసినం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు తయారు చేస్తె, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వెట్టిండ్రు, బాధ అంత పెద్దది మరి. ఇప్పుడు ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథల కృష్ణ నీళ్లొస్తున్నయి. హాస్టల్ల గూడ శుద్ధి మిషన్ ఉంది, నేను పోయి చూసిన. కాబట్టి ఫిల్టర్లు, క్యాన్లు ఏం మొయ్యకు. లీటరు పట్టే స్టీలు సీసాలు రెండు చాలు. ఒక్కటి మాత్రం బిడ్డకు చెప్పు. బయట బోరు నీళ్లను కాగబెడితె ఫ్లోరైడ్ పోదు, సూక్ష్మజీవులే చస్తయి. కాగబెట్టినం గదా అని తాగద్దు.

తినేటియి. మా దిక్కు కడక్ రొట్టెలు ఎరికే గదా నీకు. సజ్జ పిండి, మీద నువ్వులు, పలుచగ చేసి ఎండబెట్టినట్టు కాలుస్తరు. పదిహేను దినాలు చెడవు. పల్లిపొడితోని తింటె పిల్లలకు రాత్రి ఆకలికి మంచిగుంటయి. మా బిడ్డ డబ్బ నాలుగో రోజుకే ఖాళీ, రూంల పిల్లలందరు దానికే దోస్తులైండ్రట. మీ అచ్చంపేట దిక్కు తేనె మంచిది దొరుకుతది, చిన్న సీస పెట్టు. తొక్కు మాత్రం గాజు సీసల పెట్టకు. మా మామిడికాయ తొక్కు కల్వకుర్తి దాటకముందే మూత వదులై నూనె కారింది. కొత్త చుడీదార్లు రెండు, చద్దరు ఒకటి ఎర్రగైనయి. బిడ్డ బస్సుల ఏమనలే గాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ చుడీదార్లు మొదటి దినం కాలేజీకి ఏసుకోవాలని దాచుకున్నది. మూత బిగువుండే స్టీలు డబ్బల పెట్టి, కవర్ల కట్టి, బట్టల సంచిల కాకుండ చేతి సంచిల నిలువుగ పెట్టు.

బట్టలు ఆరు జతలు చాలు, నూలువి. నల్లగొండ ఎండకాలం మన దానికన్న తక్కువేం కాదు. మంచి తాళంకప్ప ఒకటి, తాళంచెవులు రెండూ బిడ్డ దగ్గరనే ఉండాలె, వేర్వేరు చోట్ల. జ్వరం గోళీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చిలైటు. నెలసరి ప్యాడ్లు మూడు నెలలకు సరిపడ నేనే కొనుకొచ్చిన. నాయిన తెచ్చిండని బిడ్డ మొదలు సిగ్గువడ్డది, తర్వాత నవ్వింది. నువ్వు గూడ కొను, గందుల మొఖమాటం ఏం లేదు.

ఇన్ని చెప్పిన గాని, పెట్టెల నుంచి బిడ్డ ఒక్కసారి గూడ తియ్యని వస్తువు ఒక్కటే. బొంత. మా అమ్మ పాత నారాయణపేట చీరలు నాలుగు పొరలు వేసి కుట్టింది. అంచులు కలిసేకాడ ఎర్ర గళ్లు కనవడుతయి, చేతి కుట్టు, ఒక వరుసల దారం మారింది, ఆడ పచ్చగుంటది. అది ముతక పడ్డదని నేను తీయబోతె బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు నాకు 1992 యాదికొచ్చింది. పాలమూర్ల మనం ఇంటర్‌ల చేరిన కొత్తల, నేను ఒక లుంగీ కప్పుకొని వణుకుతుంటె నువ్వు మీ అమ్మ కుట్టిన బొంతల సగం నాకిచ్చినవు. రెండేండ్లు ఆ ఒక్క బొంతలనే పండుకున్నం. ఆ ముచ్చట మా అమ్మకు అప్పుడే చెప్పిన, ఆమె ఇన్నేండ్లయినా మరువలే. నీ బిడ్డకు గూడ నల్లగొండల్నే సీటొచ్చిందని చెప్పిన నాటి నుంచి అరుగు మీద కూసోని ఇంకో బొంత కుడుతున్నది. కండ్లు సరిగ కనవడవు, సూదిల దారం నేనెక్కిచ్చి ఇస్తున్న. మూడు పొరలు అయినయి, ఒకటి మిగిలింది.

కాబట్టి దుప్పటి కొనకు. నేను శనివారం బిడ్డను చూడ నల్లగొండ పోతున్న, బొంత దాని రూంల పెట్టొస్త. సోమవారం మీరు దిగంగనే ఫోన్ చెయ్యిండ్రి, మా బిడ్డ బస్టాండుకొస్తది.

నీ దోస్తు