మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక: ‘లె మిజరాబ్ల్’ చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక ఉండాలన్నది నియమం, కానీ ఈ ఏడాది నియమం లేకపోయినా రాసేదాన్ని. నెలకో పుస్తకం చదివే మనం ఈసారి ఏడాదంతా ఒక్క నవలకే ఇచ్చాం. విక్టర్ హ్యూగో రాసిన ‘లె మిజరాబ్ల్’, 1862లో వచ్చింది. అయిదు భాగాలు, 365 అధ్యాయాలు. రోజుకొకటి చదివితే ఏడాదికి సరిపోతుందని లెక్క చెప్పి మనల్ని ఒప్పించిన కోశాధికారి గారికి ముందుగా కృతజ్ఞతలు. ఇంగ్లీషు కష్టమన్నవాళ్ల కోసం వారం వారం తెలుగులో కథ రాసి, సొంత డబ్బుతో జెరాక్స్ తీయించి పంచిన ఇద్దరు టీచరమ్మలకు, ప్రతి ఆదివారం ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చిన పెద్దాయనకు కూడా.

నవల అందరికీ నచ్చలేదు. ఇది దాచాల్సిన సంగతేమీ కాదు. రొట్టె దొంగిలించినందుకు అయిదేళ్లు, పారిపోబోయినందుకు ఇంకో పద్నాలుగేళ్లు జైల్లో గడిపిన జాన్ వాల్జాన్ కథకు మొదటి నెల అందరూ కదిలిపోయారు. తర్వాత మొదలైంది గొడవ. ఎక్కడికెళ్లినా అదే ఇన్‌స్పెక్టర్ జావేర్ ఎదురుపడటం, పారిస్ అంత ఊళ్లో పక్కగదిలోనే కథ మొదట్లో కనిపించిన దుర్మార్గపు సత్రం యజమాని తెనార్దియే దిగటం, ఇదంతా మన పాత సినిమాలా ఉందని కుర్రవాళ్లు అన్నారు. ఫాంటీన్ అనే పేదతల్లి బిడ్డ కోసం పది ఫ్రాంకులకు జుట్టు, నలభై ఫ్రాంకులకు ముందుపళ్లు రెండూ అమ్ముకునే చోట ఒక సభ్యురాలు “ఏడిపించడానికే రాశాడు” అని పుస్తకం మూసేసింది. ఆ పక్కనే కూర్చున్న నర్సు గారు మాత్రం, బిడ్డ మందుల కోసం ఆడవాళ్లు ఏమేం అమ్ముకుంటారో తన వార్డులో చూశానని, ఇందులో ఎక్కువ చేసి రాసింది ఏదీ లేదని గట్టిగా చెప్పారు. ఆరోజు ఇంకెవరూ మాట్లాడలేదు.

వాటర్లూ యుద్ధం మీద 19 అధ్యాయాలు వచ్చేసరికి హాజరు సగానికి పడిపోయింది. చివరి భాగంలో పారిస్ మురుగు కాలువల గురించి హ్యూగో పేజీలకు పేజీలు రాస్తే చాలామంది తిప్పేశారు, కానీ ఏటా రెండున్నర కోట్ల ఫ్రాంకుల ఎరువు నదిలో పోస్తున్నారని ఆయన వేసిన లెక్క చదివి వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు ఎంత సంబరపడ్డారో! అచ్చయిన రోజుల్లోనూ ఇంతే. ఫ్రెంచి కవి బోద్లేర్ ఒక పత్రికలో మెచ్చుకుంటూ సమీక్ష రాసి, తల్లికి రాసిన ఉత్తరంలో తిట్టిపోశాడు. పనివాళ్లేమో చందాలేసుకుని కొని చదివారు. 1950లో నాగయ్య గారి ‘బీదల పాట్లు’ సినిమా వచ్చింది ఈ నవల నుంచే కాబట్టి, మెలోడ్రామా అని కొట్టిపారేసేవాళ్లు మన పెద్దవాళ్లు దీన్ని ఎలా అక్కున చేర్చుకున్నారో కూడా ఆలోచించాలని నా మనవి.

ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునే కార్యక్రమం క్రిస్మస్ ముందటి ఆదివారం జరిగిన పఠనం. ఫాంటీన్ కూతురు, ఎనిమిదేళ్ల కోజెట్, చీకట్లో అడవి ఊట నుంచి బకెట్టు మోసుకొచ్చే ఘట్టాన్ని మన రిటైర్డ్ కండక్టర్ గారు తెలుగులో చదివారు. ఉన్నట్టుండి బకెట్టు బరువు తెలియకుండా పోవడం, ఎవరిదో పెద్ద చెయ్యి పిడి పట్టుకోవడం. అక్కడ ఆయన గొంతు పూడుకుపోయింది, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ అదే వాక్యం మొదటినుంచి చదివారు. సినిమాలా ఉందన్న కుర్రవాళ్లే చివరి దాకా కదల్లేదు.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారి మాట కూడా రికార్డులో ఉండాలి. జావేర్ సేన్ నదిలో దూకే ముందు పోలీస్ ఠాణాలో కూర్చుని, సోదా చేసేటప్పుడు ఖైదీలను చెప్పుల్లేకుండా రాతి గచ్చు మీద నిలబెడుతున్నారు, జైలుకు తిరిగొచ్చి చాలామంది దగ్గుతున్నారు అని పైవాళ్లకు రాసిపెడతాడు. “ముప్పయ్యేళ్ల సర్వీసులో నాకు చెప్పాలనిపించి చెప్పలేకపోయిన మాటలివే” అన్నారాయన.

ఇక చెప్పక తప్పని సంగతి. హాలు కోసం మూడుసార్లు అర్జీ పెట్టాం, జవాబు లేదు. తాళం ఉన్న మనిషి రాక రెండు ఆదివారాలు మెట్ల మీదే కూర్చుని చదివాం. మైకు తెస్తానన్నవాళ్లు తేలేదు, కుర్చీలు సర్దడానికి పేరిచ్చిన ఆరుగురిలో వచ్చింది ఒక్కరే. చదవకుండా, రాకుండా “ఏడాదంతా ఒకే పుస్తకమా” అని ఫోన్లో నిష్ఠూరమాడినవాళ్లు ఒక్క ఆదివారం వచ్చి ఆ మాట మా మధ్య కూర్చుని అనుంటే చర్చకు ఎంతో మేలు జరిగేది.

జమాఖర్చుల కాగితం విడిగా ఇచ్చాం, చూసుకోండి. చందాలు ఖర్చులకు సరిపోయాయి, బాకీలు లేవు. సంఘం ప్రతుల్లో మూడో భాగం మాత్రం ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరుందో వాళ్లు ఈ సమావేశానికి తీసుకురండి. నర్సు గారి కూతురు చదువుతానని అడుగుతోంది.

మీ కార్యదర్శి