ఇరవై ఒకటికి అనుకున్న మాట

ఎడిటర్ గారికి,

యువజన కూటంలో చెయ్యెత్తి ‘నా బతుకు ప్రభువు సేవకే’ అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకే ఈ ఉత్తరం. ఆఫ్రికాలో డాక్టర్‌గా సేవ చేసిన క్రైస్తవ పండితుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ 1896లో, 21 ఏళ్లప్పుడు, ముప్పై వచ్చేదాకా చదువు, సంగీతం, ఆ తర్వాత నేరుగా మనుషుల సేవ అని మనసులో తీర్మానించుకున్నాడు. అన్నట్టే 1905లో, అప్పటికే పేరున్న పండితుడై ఉండి, మెడిసిన్‌లో కొత్త స్టూడెంట్‌గా చేరాడు (ఆ వయసులో పరీక్షల టెన్షన్!). ఆయన క్రైస్తవ వేదాంత అభిప్రాయాలు నచ్చక, ఆఫ్రికాకి పంపాల్సిన మిషనరీ సంఘం వెనకాడితే, బోధించను, వైద్యమే చేస్తానని ఒప్పుకుని 1913లో భార్యతో ఆఫ్రికాలోని లాంబరెనే వెళ్లాడు. 1965లో అక్కడే కన్నుమూశాడు. మనమేమో చెయ్యెత్తిన మర్నాడే పాస్టర్ అయిపోవాలంటాం, లేదంటే ఏడాదికే మర్చిపోతాం. పిల్లల చేత ఒట్టు పెట్టించే పెద్దలు, తర్వాత వాళ్లని ఒక్కసారైనా పలకరిస్తున్నారా?

ఒక పాఠకుడు