పాపికొండల పడవలో లైఫ్ జాకెట్టు ఎంతసేపు?

సంపాదకుడు గారికి నమస్కారం.

కార్తీక మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ఏ కూడలిలో చూసినా పాపికొండల యాత్ర ఫ్లెక్సీలే. మనిషికి పన్నెండు వందలు కడితే బస్సు, పడవ, టిఫిను, భోజనం, సాయంత్రం టీ అన్నీ అందులోనే. మా వీధిలోని కుటుంబాలు కొన్ని కలిసి ఈమధ్య అలాగే వెళ్ళివచ్చాం. సొంతంగా కారు మాట్లాడుకుని, గది తీసుకుని వెళ్ళే స్తోమత మాలో చాలామందికి లేదు. అందుకే చవక యాత్రలను తిట్టిపోసే ఉద్దేశం నాకు లేదని ముందే చెబుతున్నాను.

నిజానికి ఆ గుంపులో వెళ్ళడంలోనే సగం సరదా ఉంది. గండిపోచమ్మ గుడి దగ్గర రేవు వదిలిన గంటకల్లా ఎవరి డబ్బా ఎవరిదో తెలియకుండా పోయింది. భీమవరం వాళ్ళ చేగోడీలు, కర్నూలు నుంచి వచ్చిన పెద్దావిడ నువ్వుండలు, మా పులిహోర పడవంతా తిరిగాయి. పోలవరం నీళ్ళకు ఖాళీ అయిన ఊళ్ళను గైడు చూపిస్తుంటే, ఆ పెద్దావిడ ఒక్కో ఊరి పేరూ మళ్ళీ అడిగి తెలుసుకున్నారు. కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరకు వచ్చి నది సన్నబడే చోట అందరూ మాటలు ఆపేశారు. మైకు మాత్రం ఆపలేదు.

ఇక కష్టాలు. అయిదున్నరకు రావలసిన బస్సు ఏడింటికి వచ్చింది. డబ్బు తీసుకునేదాకా పూటకు రెండుసార్లు ఫోను చేసిన ఏజెంటు ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఇడ్లీలు చల్లారిపోయాయి. సాయంత్రం పకోడీ ఊసే లేదు. ఇవన్నీ సర్దుకుపోయేవే. ఆ ధరకు చల్లారిన ఇడ్లీ వచ్చిందని పోట్లాడే మనిషిని కాను. లైఫ్ జాకెట్ల విషయంలో మాత్రం సర్దుకోలేకే ఈ ఉత్తరం.

రేవులో తనిఖీ పద్ధతిగానే జరిగింది. తలలు లెక్కపెట్టారు, అందరూ జాకెట్లు వేసుకున్నారో లేదో చూశారు. పడవ మలుపు తిరిగిందో లేదో జాకెట్లన్నీ కుర్చీల వెనక్కి చేరాయి. ఉక్కగా ఉందని కొందరు, ఫొటోలు బాగా రావని కొందరు తీసేశారు. పడవ నడిపే సరంగు చూసి ఊరుకున్నాడు. నాకిచ్చిన జాకెట్టుకు ఒక పక్క క్లిప్పు లేదు. పడవ కుర్రాడు అక్కడ నైలాను తాడు ముడివేసి, ‘ఏం కాదమ్మా’ అన్నాడు. మా పక్కింటి అయిదేళ్ళ పాపకు పెద్దవాళ్ళ జాకెట్టే తగిలించారు. అది మోకాళ్ళ దాకా వేలాడింది. నీళ్ళలో పడితే జాకెట్టు తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. జాగ్రత్తలు చెప్పినట్టున్నారు కానీ, పాటల హోరులో ఒక్క ముక్కా వినబడలేదు.

ఆ దారిలోనే కచ్చులూరు ఉంది. 2019 సెప్టెంబరు 15న నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతుండగా ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక పడవ అక్కడే బోల్తా పడి 50 మంది దాకా చనిపోయారు. తూటుగుంట గ్రామస్థులు పడవలు వేసుకుని వెళ్ళి కొందరిని ఒడ్డుకు చేర్చారు. బయటపడిన వారిలో ఎక్కువమంది జాకెట్లు వేసుకున్నవారేనని అప్పట్లో పత్రికల్లోనే చదివాం. మునిగిన పడవను పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. ఆ తర్వాతే రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి, వరద పెరిగితే పడవలు ఆపుతున్నారు. ఇదంతా మంచి మార్పే, కాదనను. కానీ ఆ శ్రద్ధంతా ఎక్కేచోటే ఆగిపోతోంది. పడవ నదిలో ఉండే ఆ నాలుగైదు గంటలూ అడిగేవారు లేరు.

చవక టికెట్టు కొన్నవారికి పకోడీ తగ్గించవచ్చు గాని, జాకెట్టు క్లిప్పు తగ్గించకూడదు. పిల్లల కొలతల్లో జాకెట్లు లేని పడవను రేవు దాటనివ్వకూడదు. ఏజెంటు ఇచ్చే రసీదు మీద పడవ పేరు, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఆ సంఖ్య అచ్చు వేయించాలి. మా రసీదు మీద ఉన్నవి ఏజెంటు ఫోను నంబరు, వినాయకుడి బొమ్మ, అంతే. జాకెట్టు తీసేసిన ప్రయాణికుడికీ, చూసి ఊరుకున్న సరంగుకూ ఇద్దరికీ జరిమానా వేయాలి. తోటి ప్రయాణికులకు ఈ మాట నచ్చదని తెలుసు.

పడవలు ఎలాగూ పేరంటాలపల్లిలో ఆగుతాయి. గుడి చూసి జనం తిరిగి ఎక్కేటప్పుడు ఆ రేవులో ఒక ఉద్యోగి నిలబడి మళ్ళీ తలలూ జాకెట్లూ లెక్కపెడితే సరిపోతుంది. సంక్రాంతి సెలవుల రద్దీ మొదలయ్యేలోగా పర్యాటక, జలవనరుల శాఖలు ఈ ఒక్క ఏర్పాటైనా చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం