క్యాండిడ్ పేరుతో పెళ్లిని ఆపి ఆపి తీసిన ఫోటోలపై ఫిర్యాదు

బెంగళూరు

మేనేజర్ గారికి,

విషయం: మా చెల్లెలి పెళ్లిలో ఒప్పుకున్న క్యాండిడ్ ఫోటోగ్రఫీ చేయకపోవడం, డబ్బు వాపసు, ఒరిజినల్ ఫైళ్లు

నమస్కారం.

మల్లేశ్వరంలో జరిగిన మా చెల్లెలి పెళ్లికి ఫోటోలు తీసింది మీ సంస్థే. అగ్రిమెంట్ మీద సంతకం నాది. అందులో ట్రెడిషనల్ ఫోటోలకూ వీడియోకూ ఒక రేటు, క్యాండిడ్‌కు, అంటే పోజులు పెట్టించకుండా జరిగేది జరిగినట్టు తీసే ఫోటోలకు, విడిగా 70,000 రూపాయలు అని ఉంది. "మేం ఎవరికీ పోజులు చెప్పం, అక్కడున్నట్టు కూడా తెలియనివ్వం" అని బుకింగ్ రోజు మీరే అన్నారు. ఆ మాట నమ్మే కట్టాం. బంధువులను వేదిక మీద వరుసగా నిలబెట్టి తీసిన ఫోటోలు బాగున్నాయి, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా క్యాండిడ్ పేరుతో జరిగినదాని గురించే.

మా పెళ్లిళ్లలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. ముహూర్తం వేళకు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టగానే తెర తీస్తారు, అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. సరిగ్గా ఆ చూపు పడే సమయానికి మీ ఫోటోగ్రాఫర్ వేదిక ఎక్కి, "మేడమ్, ఇటు చూడండి, కొంచెం స్మైల్" అని గట్టిగా పిలిచారు. చెల్లి ఉలిక్కిపడి కెమెరా వైపు తిరిగింది. ఆల్బమ్‌లో ఉన్నది ఆ ముఖమే. అంతటితో ఆగకుండా తెర మళ్లీ పట్టుకోమని అడిగారు. "ముహూర్తం దాటాక పట్టే తెర కాదు నాయనా" అని పురోహితుడు గారు కసిరితే గానీ దిగలేదు.

తలంబ్రాలు ఇంకా అన్యాయం. ఎవరు ముందు పోస్తారా అని ఇద్దరూ పోటీపడి, చుట్టూ ఉన్న పిల్లలు కేకలు పెట్టి, అందరూ నవ్వుకునే ఘట్టం అది. మీవాళ్లు దాన్ని ఆపేసి దోసిళ్లు నెమ్మదిగా ఎత్తమన్నారు, స్లో మోషన్ కోసం మళ్లీ పోయమన్నారు. చెల్లి నవ్వు అక్కడే ఆగిపోయింది. బిందెలో ఉంగరం తీసేటప్పుడు గెలిచినవాళ్లు చెయ్యి అలాగే పైకెత్తి ఉంచాలట! అప్పగింతల్లో పాలలో ముంచిన చెల్లి చేతులను అత్తమామల చేతుల్లో పెడుతూ మా నాన్న ఏడ్చారు. లైట్ సరిగా పడలేదని, ఇంకోసారి పెట్టమని ఆయన్ని అడిగారు. నాన్న కళ్లు తుడుచుకుని అలాగే చేశారు. దీన్ని నేను క్షమించలేకపోతున్నాను.

క్యాండిడ్‌కు ముందు కావలసింది ఓపిక, తర్వాత ఏం జరగబోతుందో తెలిసి ఉండటం. తెర తీస్తారని తెలిసినవాడు ముందే చోటు చూసుకుని, ఫోకస్ పెట్టుకుని సిద్ధంగా ఉంటాడు. అందుకే కాశీయాత్ర నుంచి అప్పగింతల దాకా క్రతువుల వరుస రాసి ముందుగానే వాట్సాప్‌లో పంపాను. ఎవరూ చదివినట్టు లేదు. దూరం నుంచి తీయగల 70-200 లెన్స్ మీవాళ్ల దగ్గర ఉంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చప్పుడు రాకుండా తీసే వీలూ ఉంది. అవన్నీ ఉండి కూడా వధూవరుల ముఖాలకు రెండడుగుల దూరంలో ఫ్లాష్ కొడుతూ నిలబడ్డారు. ముందు వరుసలో కూర్చున్న మా అమ్మమ్మకు మంగళసూత్రధారణ కనిపించనే లేదు.

మీ దగ్గర చేతనైనవాళ్లు లేరని అనను. కాశీయాత్రలో మా తమ్ముడు గొడుగు తెరుచుకోక తిప్పలు పడుతుంటే, పెళ్లికొడుకు తానే బయల్దేరిన సంగతి మరిచి నవ్వుతున్న ఫోటో ఒకటి ఉంది. స్తంభం పక్కన నిలబడి మీ అసిస్టెంట్ కుర్రాడు తీసింది అది. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. మేం డబ్బిచ్చింది అలాంటి ఫోటోల కోసమే. మొత్తం ఆల్బమ్‌లో నాకు దొరికింది అదొక్కటే.

కాబట్టి నేను కోరేది ఇది. క్యాండిడ్‌కు తీసుకున్న 70,000 వాపసు ఇవ్వండి. అన్ని కెమెరాల ఒరిజినల్ ఫైళ్లూ ఎడిటింగ్ చేయకుండా, ఏదీ తీసేయకుండా మాకివ్వండి. ముఖ్యంగా ఆ అసిస్టెంట్ తీసినవి. కళ్లు మూసుకున్నారనో, మసకగా వచ్చిందనో మీ ఎడిటర్ పక్కన పడేసినవాటిలోనే మా అసలు పెళ్లి ఉండి ఉంటుందని నా ఆశ. మేం చూసేదాకా ఒక్క ఫైలు కూడా డిలీట్ చేయవద్దు. మళ్లీ చేయించి తీసిన మా నాన్న ఫోటోను మీ పేజీలో "క్యాండిడ్" అని పెట్టారు, దాన్ని వెంటనే తీసేయండి. అది పెట్టడానికి మా అనుమతి లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. అగ్రిమెంట్, రసీదులు, క్రతువుల వరుస పంపిన వాట్సాప్ మెసేజ్ కాపీలు జత చేస్తున్నాను.

ఇట్లు,
పెళ్లికూతురి అక్క
మారతహళ్ళి, బెంగళూరు