పెద్దలకు తోడు బృందం: ఆదివారం తొలి సమావేశం

కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీలో ఒంటరిగా ఉంటున్న పెద్దలకు తోడుగా నిలిచే స్వచ్ఛంద బృందాన్ని ప్రారంభించేందుకు ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాలులో సమావేశమవుతున్నాం. గత నెలలో మా పక్కింటి పెద్దమ్మగారు స్నానాల గదిలో జారిపడిన సంగతి, గేటుకు తగిలించిన పాల ప్యాకెట్ల సంచి మధ్యాహ్నం దాకా అలాగే ఉండటం చూశాక గానీ మాకు తెలియలేదు. ఆ సంచి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే బృందంలో చేరినవారు తమ వీధిలోని ఇద్దరు పెద్దలను రోజూ ఉదయం 9 గంటలలోపు ఫోనులోనో గుమ్మం దగ్గరో తప్పక పలకరించాలి. నవంబరులో పింఛనుదారులు బ్యాంకు చుట్టూ తిరగకుండా, బతికి ఉన్నట్టు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ముఖ గుర్తింపుతో ఫోనులోనే సమర్పించేందుకు సాయపడాలి. 80 ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు అక్టోబరు 1 నుంచే ఆ పత్రం సమర్పించే వెసులుబాటు ఉంది. పెద్దల ఏటీఎం కార్డులు, డబ్బు లావాదేవీల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

చేరదలచినవారు శుక్రవారంలోగా మీ పేరు, వీధి, వీలైన సమయం ఇక్కడ రాయండి. పెద్దలున్న ఇంటివారు వారి మందుల జాబితాను, పిల్లల ఫోను నంబర్లను కాగితంపై రాసి తీసుకురండి. దయచేసి వాటిని గ్రూపులో పెట్టవద్దు.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల వరకే పనిచేస్తుంది కనుక, అత్యవసరమైతే ఏ వేళనైనా 108కే ఫోను చేయండి.