రైఫిల్ పార్సిల్ గుమ్మం దాకా రాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అమెరికా తుపాకుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం మా అమ్మ చదివింది. కదిరి దగ్గర పల్లెలో ఉంటుంది. 78 ఏళ్లు. పేపర్ చేతికొస్తే టెండరు నోటీసులు కూడా వదలదు. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకు చదివి వెంటనే నాకు ఫోన్ చేసింది. ఇక్కడ టెక్సాస్‌లో తెల్లవారుజాము నాలుగున్నర.

"ఏం నాయనా, తుపాకి కూడా చీరల మాదిరి ఫోన్లో నొక్కితే ఇంటి ముందర పడేసి పోతారంట కదా? నువ్వు కొన్నది కూడా అట్లే తెప్పించుకున్యావా? పక్కింటి పిల్లోడు ఆ పెట్టె ఎత్తుకుంటే ఎట్ల?"

అట్లా కాదమ్మా అని అరగంట చెప్పినా నమ్మలేదు. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ నేరుగా ఇంటికే వస్తుందని వ్యాసంలో ఉన్న ఆ ఒక్క వాక్యం తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. మిగతా దానితో నాకు పేచీ లేదు.

నాకు తుపాకీ పిచ్చి లేదు. హ్యూస్టన్‌కు రెండు గంటల దూరంలో ముగ్గురు మిత్రులం కలిసి 14 ఎకరాలు కొన్నాం. ఎక్కువ భాగం గడ్డి, ఒక మూల గోంగూర, బెండ, కాసిని వంగ మొక్కలు. అడవి పందులు రాత్రి పూట దిగితే పొద్దున్నకి ట్రాక్టరు దున్నినట్టు ఉంటుంది. చిన్నప్పుడు మా శనక్కాయ చేలో చూసిన దృశ్యమే. అక్కడ మా పెదనాన్నకు పంట కాపలా కోసం లైసెన్సు తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పి, అయిపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవాడు. ఇక్కడ ఆ బెడద లేదు. సొంత పొలంలో అడవి పందిని కొట్టడానికి 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్లయింది కాబట్టి కొనడానికి చట్టం ఒప్పుకుంటుంది. సరే, 308 సైజు తూటాల బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో తూటాకూ చేత్తో బోల్టు లాగాలి) ఒకటి కొందామనుకున్నాను.

మన బుద్ధి తెలిసిందే కదా, ముందు ఫోన్‌లో రేటు చూశాను. ఆన్‌లైన్‌లో 489 డాలర్లు. పొలం దగ్గరి చిన్న ఊళ్లో, పశువుల దాణా కొట్టు పక్కనున్న తుపాకుల కొట్టులో అదే మోడల్ 549. అరవై డాలర్లు మిగులుతాయని ఆర్డర్ పెట్టబోతే, ఇంటి అడ్రసు తీసుకోలేదు. "మీకు దగ్గరలోని లైసెన్సు డీలరును ఎంచుకోండి" అంది. ఎంచుకోవాల్సిన డీలర్ల జాబితాలో ఆ దాణా కొట్టు పక్క కొట్టే ఉంది!

సంగతి ఇదీ. ఆన్‌లైన్‌లో కంపెనీ దగ్గర కొన్న రైఫిల్ నా ఇంటికి రాదు. ప్రభుత్వ లైసెన్సు ఉన్న డీలరు కొట్టుకు వస్తుంది. నేను అక్కడికి వెళ్లి, ఫారం నింపి, సంతకం పెట్టి, నా పాత చరిత్ర మీద ఎఫ్‌బీఐ తనిఖీ అయ్యాకే చేతికిస్తారు. అందుకు డీలరు తన ఫీజు తీసుకుంటాడు. ఇంటికి నేరుగా వచ్చేది పిల్లలు డబ్బాల మీద పేల్చే గాలి తుపాకీ లాంటిది. వ్యాసం రాసినవారు బహుశా దాన్నీ దీన్నీ కలిపేశారు.

ఒకప్పుడు మాత్రం మా అమ్మ భయపడ్డట్టే ఉండేది. ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు డాలస్‌లో కెనడీని కాల్చిన చోటు చూపించాను. రోడ్డు మీద ఎక్స్ గుర్తు చూసి చేతులు జోడించింది. కెనడీని కాల్చిన ఆస్వాల్డ్ ఆ రైఫిల్‌ను 1963 మార్చిలో, పత్రికలో ప్రకటన చూసి, కూపన్ నింపి, మారుపేరుతో షికాగో నుంచి పోస్టులో తెప్పించుకున్నాడు. టెలిస్కోపుతో కలిపి 19.95 డాలర్లు, పోస్టు ఖర్చుతో 21.45. డాలస్‌లో ఒక పోస్టాఫీసు పెట్టెకు వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. 1968లో గన్ కంట్రోల్ చట్టం తెచ్చి ఆ దారి మూసేశారు. కొట్లో అప్పటికప్పుడు చేసే ఎఫ్‌బీఐ తనిఖీ 1998 నవంబరులో మొదలైంది.

నా కథకొస్తాను. 489కి రవాణా 25, రెండింటి మీదా 8.25 శాతం సేల్స్ టాక్సు, డీలరు ఫీజు 35. మొత్తం 591 డాలర్ల 41 సెంట్లు. కొట్లో కొంటే టాక్సుతో 594 డాలర్ల 29 సెంట్లు. మూడు డాలర్లు కూడా మిగల్లేదు. అయినా అప్పటికే డబ్బు కట్టేశాను.

వారం తర్వాత కొట్టు నుంచి ఫోన్. వెళ్తే ఓనరు, డెబ్బై దాటిన పెద్దాయన, పెట్టె విప్పి రైఫిల్ బల్ల మీద పెట్టాడు. ఫారం తీస్తాడనుకుంటే కళ్లద్దాలు తీసుకున్నాడు. రైఫిల్ వెనక చెక్క భాగంలో, భుజానికి ఆనే మడమ దగ్గర, స్క్రూ కింద, వెంట్రుక వాసి పగులు ఉంది. నేనైతే చూసేవాణ్ని కాదు. "సంతకం పెట్టకు. పెట్టి తీసుకెళ్తే ఇది పాత తుపాకీ కిందే లెక్క. ఇప్పుడైతే వెనక్కి పంపొచ్చు" అన్నాడు. పంపాడు. ఆన్‌లైన్ కంపెనీవాళ్లు పగులు దారిలో వచ్చిందా, ముందే ఉందా అని పది రోజులు మెయిళ్లు నడిపి, చివరికి కొంత కోత కోసి డబ్బు తిరిగి ఇచ్చారు. డీలరు ఫీజు 35 ఎలాగూ పోయింది.

పగులు బయటపడ్డ రోజే ఆయన కొట్టులో ఉన్న అదే మోడల్ తీసి నా చేతికిచ్చాడు. మడమ మోచేతి మడతలో ఆనించమన్నాడు. వేలు ట్రిగ్గరుకు సరిగా అందలేదు. నేను ఐదడుగుల నాలుగంగుళాలు. కంపెనీలు మామూలుగా చేసే చెక్క ఈ దేశపు మగవాళ్ల చేతులకు సరిపోయేది. తర్వాత రెండు చేతులు చాపి బొటనవేళ్ల మధ్య సందు చేసి, అందులోంచి తలుపు మీది గడియారం చూడమన్నాడు. ఒక్కో కన్నూ మూసి చూడమన్నాడు. నేను కుడిచేతి వాటం, కానీ గురి చూడటంలో నాకు బలమైన కన్ను (మెదడు ఎక్కువగా నమ్మేది) ఎడమది. 57 ఏళ్లు వచ్చాయి, ఇద్దరు కళ్ల డాక్టర్లు చూశారు, ఎవరూ నాకీ మాట చెప్పలేదు! చిన్న చెక్క ఉన్న మోడల్ ఇప్పించి, కుడివైపే గురి చూస్తూ ఎడమ కన్ను మూయడం సాధన చేయమన్నాడు. నేను బేరం ఆడకుండానే 20 డాలర్లు తగ్గించాడు. ఆ ఫీజు పోయిందన్న బాధ ముఖంలో కనబడిందేమో.

ఆన్‌లైన్ ఎప్పుడూ దండగే అనను. మా మిత్రుల్లో ఒకాయనది ఎడమచేతి వాటం. బోల్టు ఎడమవైపు ఉన్న రైఫిల్ చుట్టుపక్కల నాలుగు కొట్లలోనూ లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, హాయిగా ఉన్నాడు.

ఇక ఆ ఫారం. 4473 అంటారు. నువ్వు కొనేది నీ కోసమేనా? ఏడాదికి మించి జైలు పడగల నేరంలో ఎప్పుడైనా దోషిగా తేలావా? గంజాయి వాడతావా? (కొన్ని రాష్ట్రాల్లో గంజాయి అమ్మకం చట్టబద్ధమే అయినా ఈ ఫారంలో తప్పే.) ఏ దేశ పౌరుడివి? గ్రీన్‌కార్డు నంబరు రాశాను. పెద్దాయన కంప్యూటర్‌లో పంపించాడు. జవాబు "డిలే" అని వచ్చింది. గుండె జారిపోయింది. నేనేం చేశానని? నా పేరు లాంటి పేరు ఇంకెవరికో ఉంటే కూడా ఇలా ఆగుతుందట. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకు పాస్‌పోర్టు నాటి నుంచీ ఉన్నదే. శుక్రవారం ఆగింది, మంగళవారానికి అనుమతి వచ్చింది. మూడు పనిదినాల్లో ఏ జవాబూ రాకపోతే చట్టప్రకారం డీలరు తన ఇష్టం మీద ఇవ్వొచ్చు. ఈ పెద్దాయన జవాబు వచ్చేదాకా ఇవ్వనన్నాడు. నాకు కోపం రాలేదు.

అనుమతి వచ్చినవాళ్ల వివరాలు ఎఫ్‌బీఐ 24 గంటల్లో చెరిపేస్తుంది. సంతకం పెట్టిన ఫారం మాత్రం ఆ కొట్లోనే బీరువాలో ఉంటుంది. రేపు ఆ తుపాకీతో ఏదైనా జరిగితే పోలీసులు వచ్చేది ఆ బీరువా దగ్గరికే.

మీ పాఠకుల పిల్లలు చాలామంది ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇంకో మాట. నేను రైఫిల్ కొన్నానని గుళ్లో భోజనాల దగ్గర ఎవరో అంటే, హెచ్1బీ మీద ఉన్న ఒక అబ్బాయి పక్కకు పిలిచి, "అంకుల్, నాకూ ఒకటి మీ పేరు మీద తీసిపెట్టరా? డబ్బు ఇప్పుడే పంపిస్తా" అన్నాడు. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లలో దొంగలు పడుతున్నారని అతని భయం. భయం అబద్ధం కాదు. కానీ ఫారంలో "నీ కోసమేనా" అన్న ప్రశ్న ఉన్నదే ఇందుకు. అవునని అబద్ధం రాసి అతనికిస్తే నాకూ, తీసుకుంటే అతనికీ పదిహేనేళ్ల దాకా జైలు పడొచ్చు. వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, హెచ్1బీ, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. వీసా సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత నన్ను పలకరించడం తగ్గించాడు. పోనీలే.

మీ వ్యాసం రాసినవారు నిజంగా భయపెట్టాలనుకుంటే కంపెనీ వెబ్‌సైట్లను కాదు, ఇంకో చోటును చూపించాల్సింది. టెక్సాస్‌లో డీలరు కాని మనిషి తన పాత రైఫిల్‌ను అదే రాష్ట్రంలోని మరో మనిషికి అమ్మితే ఫారం లేదు, తనిఖీ లేదు. ఆన్‌లైన్‌లో ప్రకటన పెడతారు, సూపర్‌మార్కెట్ పార్కింగులో చేతులు మారతాయి. 2019 ఆగస్టు 31న మిడ్‌ల్యాండ్, ఒడెస్సాల్లో కారులో తిరుగుతూ ఏడుగురిని చంపినవాణ్ని 2014లో కొట్లో కొనబోతే తనిఖీ ఆపేసింది. వాడు తర్వాత ఒక ప్రైవేటు మనిషి దగ్గర రైఫిల్ కొనుక్కున్నాడు. ఆ అమ్మినవాడికి, లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు, రెండేళ్ల శిక్ష పడింది. మా కొట్టు పెద్దాయన దీని గురించి మాట్లాడితే బల్ల గుద్దుతాడు. ఆయనకు గిరాకీ పోతుందన్న మంట కూడా ఉందనుకోండి, అయినా మాట నిజం.

ఇక్కడ భయపడాల్సిందేమీ లేదనీ అనను. 2023 మేలో డాలస్ దగ్గర అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపారు. అందులో ఒకరు మన హైదరాబాద్ అమ్మాయి. ఆ వార్త వచ్చిన రాత్రి కూడా మా అమ్మ ఇలాగే ఫోన్ చేసింది, మేం డాలస్‌కు నాలుగు గంటల దూరంలో ఉంటామని ఎన్నిసార్లు చెప్పినా. రైఫిల్ కొన్న రోజే ఇనుప పెట్టె కూడా కొని గోడకు బిగించాను. తూటాలు వేరే అరలో, వేరే తాళంలో. తాళంచెవులు ఎక్కడున్నాయో మా ఆవిడకు, నాకు తప్ప తెలియదు. ఇంట్లో తుపాకీ ఉన్న సంగతి నలుగురికీ తెలియడం మంచిది కాదు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

పందుల సంగతి అడుగుతారేమో. ఇప్పటికి ఒక్కటే పడింది. మిగతావి నా లైటు చూడగానే పక్క పొలంలోకి పోయి, నేను పడుకున్నాక వస్తున్నాయి. గోంగూర మళ్లీ వేశాం.

చివరగా ఒక కోరిక. ఆ వాక్యానికి సవరణ ఒక మూల చిన్న అక్షరాల్లో అయినా వేయండి. నిన్న మళ్లీ ఫోన్ చేసి, "నువ్వు చెప్పేది సరేలే, పేపర్లో అట్ల రాయలేదే" అంది మా అమ్మ. మీరు వేస్తే గానీ ఆమె నమ్మదు. ఆదివారం సంచికలోనే వేయండి, మామూలు రోజుల్లో మా ఊరికి పేపర్ ఆలస్యంగా వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, టెక్సాస్