భద్రతా నియమాల 'మినహాయింపు పత్రం' రద్దు చేయాలని ఫిర్యాదు

సంస్థ యాజమాన్యానికి,

అయ్యా,

ట్యాంకులు శుభ్రపరిచే విభాగంలో పనిచేస్తున్న నేను, గత నెల నుంచి మా చేత సంతకాలు చేయిస్తున్న 'స్వచ్ఛంద మినహాయింపు పత్రం' గురించి ఈ ఫిర్యాదు రాస్తున్నాను. గ్యాస్ పరీక్ష, నడుముకు తాడు, పైన కాపలా మనిషి, ఈ మూడింటినీ వద్దనుకునే హక్కు కార్మికుడికి ఉందని, ఆపైన ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదని అందులో రాశారు.

ఇది స్వచ్ఛందం కాదు. సంతకం పెట్టినవారికే అదనపు షిఫ్టులు ఇస్తున్నారు, పెట్టనివారు సగం రోజులు పని లేకుండా కూర్చుంటున్నారు. తల మీదుగా క్రేన్‌తో రాళ్లు తరలిస్తున్నారని తెలిసీ పనిలో కొనసాగినంత మాత్రాన కార్మికుడు ఆ ప్రమాదానికి ఒప్పుకున్నట్లు కాదని స్మిత్, బేకర్ కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ 1891లోనే తేల్చింది.

అసలు గ్యాస్ పరీక్షే వద్దనుకున్నవాడు దేనికి ఒప్పుకుంటున్నట్లు? మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ మూసిన ట్యాంకులో ఎంతకు పడిపోయిందో కంటికి కనబడదు. ట్యాంకుల్లో చేరే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కదా, వాసన రాగానే బయటికి రావచ్చని మా సూపర్‌వైజర్ చెబుతున్నారు. కానీ గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు చేరేసరికి ఆ వాసనను పసిగట్టే శక్తే ముక్కుకు పోతుంది. ఎంత ప్రమాదమో తెలిపే సాధనాన్నే తీసేసి, తెలిసే దిగాడని అతని చేత రాయించుకోవడం అన్యాయం.

కేవలం తన ఒంటికే నష్టం కలిగే విషయంలో మనిషి ఇష్టానికి కొంత చోటివ్వాలన్న వాదనను నేను కాదనను. కానీ లోపల ఒకరు కుప్పకూలితే పైనున్నవాళ్లం చూస్తూ నిలబడలేం, పరుగున దిగుతాం. ఇటువంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో సగానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లో హెచ్చరించింది. తాడు ఉంటే ఎవరూ దిగకుండానే పైకి లాగవచ్చు. అతను పెట్టిన సంతకం నా ప్రాణానికి కూడా వర్తిస్తున్నా, నన్నెవరూ అడగలేదు.

కనుక ఆ పత్రాన్ని వెంటనే రద్దు చేసి, తీసుకున్న సంతకాలన్నీ వెనక్కి ఇచ్చి, పరీక్ష పూర్తికాకుండా ఎవరినీ ట్యాంకులోకి దించకూడదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. నేను సంతకం పెట్టలేదు, పెట్టను. గ్యాస్ మీటరు, తాడు, పైన మనిషి ఉంటే రేపు ఉదయమే పనిలోకి దిగడానికి సిద్ధంగా ఉన్నాను. 15 రోజులలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
ట్యాంకు శుభ్రత విభాగం కార్మికుడు